వెయ్యి వాట్లు ఎందుకు వద్దన్నాం

మన సంఘం రికార్డింగు గది చూసుకుంటున్న మా నలుగురి తరఫున రాస్తున్న పోస్టు ఇది. పొడుగ్గానే ఉంటుంది. చాయ్ పక్కన పెట్టుకుని చదవండి.

పోయిన నెల మీటింగులో ఒక పెద్దాయన లేచి సూటిగా అడిగారు. "హాల్ల ఆంప్లిఫయర్ ఉండంగ ఇంకోటి ఎందుకు గొన్నరు? మార్కండేయుని రథం నాడు గల్లీ గల్లీకి ఇనబడేటిది, గా చిన్న అర్రల రెండు డబ్బాలకు సాలదా?" కొందరు నవ్వారు గానీ మాకు నవ్వు రాలేదు. చందా డబ్బు ఖర్చు పెట్టినవాళ్లను ఆ ప్రశ్న అడగాల్సిందే. ఖర్చయింది 22 వేల రూపాయలు. బీడీలు చుట్టే ఇళ్ల నుంచి యాభై, వంద చొప్పున వచ్చిన పైసలు కూడా అందులో ఉన్నాయి. ఆ రోజు రెండు నిమిషాల్లో మేము చెప్పిన జవాబు ఎవరికీ సరిగా అందలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాం.

ఆ గదిలో ఏం జరుగుతోందో తెలియనివాళ్లకు ముందు అది చెప్పాలి. మన ఇళ్లలో అటకల మీద, బీరువాల అడుగున పడి ఉన్న పాత కేసెట్లను తెప్పించి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం. బతుకమ్మ పాటలున్నాయి, పెళ్లి పాటలున్నాయి, బీడీలు చుడుతూ నలుగురు ఆడవాళ్లు కలిసి పాడుకున్నవి ఉన్నాయి, మార్కండేయ పురాణం చదివినవి ఉన్నాయి. కొన్నింటి మీద సినిమా పేరు అచ్చయి ఉంటుంది. పైన ఉండే చిన్న చిల్లుల్లో కాగితం కుక్కి, సినిమా పాట చెరిపేసి, అవ్వ పాట ఎక్కించుకున్న కేసెట్లు అవి. పాట మధ్యలో ఎక్కడో సినిమా హీరోయిన్ గొంతు అర నిమిషం పలికి మాయమవుతుంది. పాడిన అవ్వల్లో చాలామంది ఇప్పుడు లేరు. ఆ గొంతు ఎవరిదో విని చెప్పగలిగిన వాళ్లు ఇంకా ఉన్నారు, కానీ వాళ్లకూ డెబ్బై దాటాయి.

కంప్యూటర్లోకి ఎక్కించడం సులువే. ఆ తర్వాతి పనే కష్టం. కేసెట్ టేపు సెకనుకు ఐదు సెంటీమీటర్లు కూడా నడవదు, 4.76 సెంటీమీటర్లే. అంత నెమ్మదిగా నడిచే సన్నని టేపు మీద గొంతుతో పాటు 'స్‌స్‌స్' అనే సొద ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఎంత తగ్గించాలన్నది మాత్రం మనిషి చెవితో విని తేల్చుకోవాలి. ఎక్కువ తగ్గిస్తే సొదతో పాటు మాట కూడా పోతుంది.

ఏ మాట పోతుందో మన భాషలోంచే చెబుతాం. మన తెలుగు తెలంగాణ నుంచి మగ్గాలతో పాటు వచ్చింది. 1877లో జూనీ మిల్లు మొదలైన ఊరిలో మరాఠీ పక్కన, కన్నడం పక్కన బతికింది. 'చల్ల'ను 'సల్ల' అనేవాళ్లు మనలో ఉన్నారు, 'చల్ల' అనేవాళ్లూ ఉన్నారు. మీటింగులో లేచిన పెద్దాయన కూడా 'చాలదా' అనలేదు, 'సాలదా' అన్నారు. ఏ అవ్వ ఏది పలికిందనేది, ఆ ఇల్లు ఏ వైపు నుంచి వచ్చిందో, ఏ తరంలో పలుకు మారిందో చెప్పే గుర్తుల్లో ఒకటి. ఇప్పుడు మరాఠీ తీసుకోండి. 'చహా'లో చ ఒక రకం, 'చాంగ్లా'లో చ ఇంకో రకం. రెండో దాన్ని పళ్ల వెనక నాలుక ఆనించి పలుకుతాం. మన 'చల్ల'లో చ కూడా అదే. దాన్ని పలికేటప్పుడు గాలి ఒక్క లిప్తపాటు ఆగి, ఆ తర్వాత 'స' లాగా జారుతుంది. 'సల్ల' అంటే ఆ ఆగడం ఉండదు, నేరుగా జారడమే. అంటే ఈ రెండు పలుకుల మధ్య ఉన్న తేడా అంతా ఆ లిప్తపాటు నిశ్శబ్దం, దాని వెంట వచ్చే చిన్న చిటుకు.

'స' శబ్దం ఎక్కువగా 4 వేల హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. టేపు సొద చెవికి ఎక్కువ తగిలేది కూడా ఆ ప్రాంతంలోనే. సాఫ్ట్‌వేర్ దృష్టిలో రెండూ ఒకటే చెత్త. సొదను అలాగే వదిలేస్తే ఆ లిప్తపాటు నిశ్శబ్దం పూడిపోతుంది. ఎక్కువ తీసేస్తే 'స'కారమే తుడుచుకుపోయి ముసలమ్మ పళ్లు ఊడి మాట్లాడినట్టు అవుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో స్పీకర్లలో విని నిర్ణయించాలి. ఆ స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్ తన సొంత సొదను దానికి కలిపితే ఇక మనం వింటున్నది టేపునా, ఆంప్లిఫయర్నా? ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే మా వెతుకులాటంతా తిరిగింది.

ఇక స్పీకర్ల సంగతి. ముంబైలో రికార్డింగు స్టూడియోలో పనిచేసి రిటైరై ఊరికి వచ్చిన మన సభ్యుడొకరు తన దగ్గరున్న జతను సంఘానికి ఇచ్చారు. యమహా ఎన్‌ఎస్-10ఎం స్టూడియో. నల్ల డబ్బా, మధ్యలో తెల్లటి కోను. సినిమా పాటల రికార్డింగు ఫొటోల్లో మిక్సింగు బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టి ఉండే తెల్ల కోను డబ్బాలు మీరు చూసే ఉంటారు, అవే. 1978లో యమహా దీన్ని ఇళ్లలో పాటలు వినడానికని తెచ్చింది. ఇళ్లవాళ్లకు పెద్దగా నచ్చలేదు, స్టూడియోవాళ్లు పట్టుకుపోయారు. ట్వీటర్ మరీ కీచుమంటోందని దాని మీద టిష్యూ పేపరు అంటించుకుని పనిచేశారు. 1987లో ఆ కీచుదనం తగ్గించి, స్టూడియో పేరు చేర్చి కొత్త రూపం తెచ్చారు. 2001లో తయారీ ఆపేశారు. ఆ తెల్ల కోనుకు కావలసిన కాగితపు గుజ్జు ఇక దొరకదన్నది అప్పుడు చెప్పిన కారణం.

వినడానికి ఇవి హాయిగా ఉండవు, ఆ మాట ముందే చెప్పాలి. కింది స్వరం పలుచన. గొంతు పలికే మధ్య ప్రాంతం, 2 వేల హెర్ట్జ్ చుట్టుపక్కల, ముందుకు తోసుకొస్తుంది. సినిమా పాట వేసుకుని ఆనందిద్దామంటే తలనొప్పి వస్తుంది. కానీ మాటలో తేడాలు పట్టడానికి ఆ తోసుకొచ్చే గుణమే కావాలి. పైగా మూసిన డబ్బా, గాలి రంధ్రం లేదు కాబట్టి, శబ్దం ఆగగానే స్పీకరు కూడా తొందరగా ఆగుతుంది, మోగుతూ ఉండదు. లిప్తపాటు నిశ్శబ్దాన్ని వెతుక్కునే మాలాంటి వాళ్లకు అది వరం.

ఒకటే చిక్కు. వీటిలో ఆంప్లిఫయర్ ఉండదు. ఇప్పుడు దొరికే స్టూడియో మానిటర్లు చాలావరకు లోపలే ఆంప్లిఫయర్ పెట్టుకుని వస్తాయి, కరెంటు ప్లగ్గు పెడితే చాలు. మీలో ఎవరైనా ఇంట్లో కొత్తగా మొదలుపెడుతుంటే మా సలహా అవే కొనుక్కోమని. స్పీకరుకు తగ్గ ఆంప్లిఫయర్‌ను కంపెనీయే చూసి పెడుతుంది, మీకు ఈ తిప్పలుండవు. మాకు స్పీకర్లు ఊరికే వచ్చాయి కాబట్టి ఆంప్లిఫయర్‌ను మేమే వెతుక్కోవాల్సి వచ్చింది.

మొదట అందరం అడిగే ప్రశ్న, ఎన్ని వాట్లు? ఎన్‌ఎస్-10ఎం స్టూడియో 8 ఓముల స్పీకరు. మామూలుగా 60 వాట్లు, గరిష్ఠంగా 120 వాట్లు అని కంపెనీ రాసింది. దానికంటే ముఖ్యమైన అంకె ఇంకొకటి ఉంది: ఒక్క వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో 90 డెసిబెల్‌లు. మేము కూర్చునేది మీటరు దూరానికి కాస్త అటూ ఇటూ. మేము వినే మట్టం 80 డెసిబెల్‌లు దాటదు, అంతకంటే ఎక్కువైతే రెండు గంటల్లో చెవి అలిసిపోయి తీర్పు చెడుతుంది. 80 డెసిబెల్‌లకు ఎంత పవరు కావాలి? పది డెసిబెల్‌లు తగ్గితే పవరు పదో వంతు. అంటే 0.1 వాటు. అవును, వాటులో పదో వంతు. ఈ మాట చెప్పినప్పుడు మా కుర్రాళ్లే నమ్మలేదు.

పాటలో దరువు, చప్పట్లు, ఒక్కసారిగా ఎత్తుకున్న పల్లవి ఉంటాయి కదా, అవి సగటు కంటే 20 డెసిబెల్‌ల దాకా పైకి లేస్తాయి. 20 డెసిబెల్‌లంటే పవరు వంద రెట్లు. 0.1ని వందతో గుణిస్తే 10 వాట్లు. బతుకమ్మ చప్పట్లు ఎంత గట్టిగా పడ్డా మా గదిలో ఒక్కో స్పీకరు అడిగేది అంతే. ఇంకో పది డెసిబెల్‌లు వెసులుబాటు ఉంచుకుందామనుకుంటే 100 వాట్లు. అక్కడితో లెక్క ముగిసింది. 200 వాట్లది కొంటే పెరిగేది 3 డెసిబెల్‌లే. ధర, బరువు, వేడి మాత్రం అలా మూడు అనుకుని ఆగవు.

"మరి చిన్న ఆంప్లిఫయర్ తీసుకుంటే సగం ధరకే వచ్చేది కదా" అని ఒక చెల్లెలు అడిగింది. మంచి ప్రశ్న. 20, 30 వాట్లదైనా రోజూ పనికి సరిపోతుంది. ఎప్పుడో ఒకసారి ఎవరో కేసెట్ మార్చేటప్పుడు గుండీ ఎక్కువ తిప్పుతారు. చిన్న ఆంప్లిఫయర్ శక్తి మించి అడిగితే అలల తలలు నరికి పంపుతుంది. తల నరికిన అలలో పై స్వరాల పాలు పెరుగుతుంది, సగటు పవరు కూడా పెరుగుతుంది. ఆ దెబ్బ ముందుగా తగిలేది సన్నని తీగ చుట్టిన ట్వీటర్‌కి. తయారీ ఆగిపోయిన స్పీకరులో ట్వీటర్ కాలితే అలాంటిదే ఇంకోటి ఎక్కడ తెస్తాం? అందుకని స్పీకరు అంకెకు దగ్గరగా, 60కీ 120కీ మధ్య, ఉన్నదే మంచిదనుకున్నాం.

ఇప్పుడు హాలు ఆంప్లిఫయర్ దగ్గరికి వద్దాం. అది చెడ్డదని మేము ఎప్పుడూ అనలేదు. మైకు పెట్టి వెయ్యిమందికి ఉపన్యాసం వినిపించడానికి దాన్ని చేశారు, ఆ పని బ్రహ్మాండంగా చేస్తోంది. కానీ అది ఒక్క చానెల్‌ది. మైకులన్నీ లోపలే కలిసిపోయి ఒక్క దారిలో బయటికొస్తాయి. రెండు స్పీకర్లకు కుడి ఎడమ విడివిడిగా పంపలేదు. వెనక 100 వోల్టుల లైను అని రాసి ఉన్న టెర్మినళ్లు దూరాన కట్టే హారన్లకు, వాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. పొరపాటున అక్కడ మామూలు 8 ఓముల స్పీకరు తగిలిస్తే స్పీకరో ఆంప్లిఫయరో, ఏదో ఒకటి పోతుంది. సరైన టెర్మినళ్లకే తగిలించి ఒక కేసెట్ విన్నాం. పాట ఆగిన చోట ట్వీటర్ దగ్గర చెవి పెడితే వాన పడుతున్నట్టు ఉంది. హాలులో జనం సందడిలో ఆ వాన ఎవరికీ వినబడదు. మా గదిలో మేము వినాల్సింది సరిగ్గా అక్కడే.

పెళ్లిళ్లకు సౌండు పెట్టే కుర్రాడు ఒకడు తనది వెయ్యి వాట్ల ఆంప్లిఫయర్ ఉచితంగా వాడుకోమన్నాడు. "కాకా, ఇది పెట్టుకుంటే గల్లీ చివర దాక దద్దరిల్లుతది" అన్నాడు, ఎంతో ప్రేమగా. వాడి మనసు నొప్పించకుండా ఎందుకు వద్దన్నామో ఇక్కడ రాస్తున్నాం, వాడు కూడా చదువుతాడు.

ఆంప్లిఫయర్ల మీద సిగ్నల్‌కూ సొదకూ ఉన్న దూరాన్ని డెసిబెల్‌లలో రాస్తారు. రెండింటి మీదా 100 డెసిబెల్‌లు అని రాసి ఉందనుకోండి. చూడగానే రెండూ సమానం అనుకుంటాం. ఆ దూరాన్ని పూర్తి పవరు నుంచి కిందికి కొలుస్తారు. 100 వాట్ల దానిలో 100 వాట్ల నుంచి కిందికి, వెయ్యి వాట్ల దానిలో వెయ్యి వాట్ల నుంచి కిందికి. కాబట్టి అంకె ఒకటే అయినా పెద్దది వదిలే సొద పది రెట్లు. మన స్పీకరు లెక్కలో చిన్నదాని సొద మీటరు దూరంలో 10 డెసిబెల్‌లు, పెద్దదానిది 20. సొద దూరం 80 డెసిబెల్‌లే అయితే 100 వాట్ల దానికే 30 డెసిబెల్‌లు వస్తుంది, రాత్రి నిశ్శబ్దమైన గదిలో స్పష్టంగా వినబడేంత. ఎంత పెద్ద కుండయితే అడుగున అంత మడ్డి, ఇద్దరూ ఒకే నీళ్లు పోసినా. మనకు కావలసింది వాటులో పదో వంతు. ఆ పదో వంతు ఎంత శుభ్రంగా ఉందన్నదే చూసుకోవాలి. పైన మిగిలిన 990 వాట్లు మన గదిలో ఎప్పటికీ నిద్రలేవవు.

దాని ఫ్యాను సంగతి వేరే. పెళ్లి పందిట్లో అది ఉండాలి, లేకపోతే వేడికి ఆంప్లిఫయర్ కాలిపోతుంది. మా గదిలో ఫ్యాను కూడా ఇంకో టేపు సొదే. ఇప్పటికే పక్క సందులో పవర్‌లూమ్‌లు ఖట్‌ఖట్‌మంటాయి. అవి ఆగాక గానీ మేము సరిగా వినలేం. వాటిని ఆపమని అడిగే హక్కు మనకు లేదు, మనలో సగం ఇళ్లు దాని మీదే తింటున్నాయి. గదిలోకి ఇంకో చప్పుడు డబ్బిచ్చి తెచ్చుకోకుండా ఉండటమే మన చేతిలో ఉంది.

కొత్త తరహా క్లాస్ డి ఆంప్లిఫయర్లు కూడా చూశాం. తేలిక, కరెంటు తక్కువ తింటాయి, ఒకప్పుడు ఉన్న చెడ్డపేరు ఇప్పుడు వాటికి తగదు. క్రౌన్ ఎక్స్‌ఎల్‌ఎస్ 1002 అని ఒకటుంది, 8 ఓములకు 215 వాట్లు, ఇన్‌పుట్ సెన్సిటివిటీని 1.4 వోల్టులకో 0.775 వోల్టులకో మార్చుకునే సదుపాయం ఉంది. ఉత్సవాలకూ గదికీ ఒకటే కావాలనుకునే సంఘానికి అది మంచి ఎంపికే. మాకు గదికి మాత్రమే కావాలి, ఫ్యాను అసలే వద్దనుకున్నాం.

ఆ 0.775, 1.4 ఏమిటంటే, ఆంప్లిఫయర్ పూర్తి పవరు ఇవ్వడానికి దాని లోపలికి ఎన్ని వోల్టులు పంపాలి అన్నది. 8 ఓములలో 100 వాట్లంటే దాదాపు 28 వోల్టులు. 1.4 వోల్టులు పెడితే 28 వస్తున్నాయంటే ఆంప్లిఫయర్ 20 రెట్లు చేస్తోంది. 0.775కే వస్తుంటే 36 రెట్లు. ఎక్కువ రెట్లు చేసేది మంచిదని దుకాణంలో చెబుతారు. మనకు తిరగబడుతుంది. దాని ముందున్న ఆడియో ఇంటర్‌ఫేస్ సొద కూడా అన్ని రెట్లు అవుతుంది కదా. పైగా అప్పుడు వాల్యూము గుండీని మొదట్లోనే, ఏడు గంటల దగ్గర, ఉంచాల్సి వస్తుంది. చవక గుండీలు ఆ మొదట్లో కుడి ఎడమలను సమానంగా ఇవ్వవు. అందుకని తక్కువ రెట్లు చేసేది తీసుకుని, ఆంప్లిఫయర్ మీది గుండీలను కూడా కొంచెం తగ్గించి, ఇంటర్‌ఫేస్ గుండీ మధ్యలో ఉండేలా ఒక్కసారి సర్ది, వాటి మీద టేపు అంటించేశాం. దయచేసి ఆ టేపు ఎవరూ పీకకండి. పిల్లలు రెండుసార్లు పీకారు.

సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతుంటే ఒక పాత సామాన్ల దుకాణంలో చూడముచ్చటైన ఆంప్లిఫయర్ దొరికింది. ముందు పలక అద్దంలా ఉంది, ధర కూడా తక్కువ చెప్పాడు. మా నలుగురిలో ఒకరు టీవీలు బాగుచేస్తారు. స్పీకరు తగిలించకముందే మల్టీమీటర్ డీసీ వోల్టుల మీద పెట్టి స్పీకరు టెర్మినళ్లను తాకించారు. ఎడమ వైపు 6 మిల్లీవోల్టులు, మామూలే. 50 మిల్లీవోల్టుల దాకా భరించవచ్చు. కుడి వైపు 1.8 వోల్టులు. అరగంట వేడెక్కనిచ్చి చూసినా దిగలేదు. దుకాణదారు "స్పీకరు పెట్టి చూడండి, పాట బ్రహ్మాండంగా వస్తది" అన్నాడు. నిజమే, వస్తుంది. 1.8 వోల్టులతో కోను వెంటనే కాలిపోదు. కానీ లోపల ఏదో ట్రాన్సిస్టరు దారి తప్పిందని అది చెబుతోంది. అది పూర్తిగా పోయిన రోజు 40 వోల్టుల దాకా నేరుగా ఆ తెల్ల కోను వెనక తీగ మీద పడతాయి. నమస్కారం పెట్టి వచ్చేశాం. పాత ఆంప్లిఫయర్ కొనేవాళ్లు 300 రూపాయల మల్టీమీటర్ జేబులో పెట్టుకుని వెళ్లండి.

చివరికి మాది ముంబైలో దొరికింది. రెండు చానెళ్లు, 8 ఓములకు ఒక్కోదానికి 100 వాట్లు, క్లాస్ ఏబీ, గుండ్రటి టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్. ఫ్యాను లేదు, పక్కల అల్యూమినియం రెక్కలే వేడిని వదిలేస్తాయి. స్విచ్ వేసిన మూడు నాలుగు సెకన్లకు 'టక్' అని రిలే పడి అప్పుడు స్పీకర్లకు కరెంటు వెళుతుంది, ఏదైనా తేడా వస్తే అదే రిలే తెంచేస్తుంది. మీటర్ పెట్టాం, రెండు వైపులా 10 మిల్లీవోల్టుల లోపే. సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో మనవాడొకడు రాత్రంతా దాన్ని తల దగ్గర పెట్టుకుని తెచ్చాడు, కాబట్టి లారీ కిరాయి మిగిలింది.

తెచ్చి పెట్టగానే 'గుంయ్' అంది. ఇది ఆంప్లిఫయర్ తప్పు కాదు. ల్యాప్‌టాప్ చార్జరు ఒక గోడకు, ఆంప్లిఫయర్ ఇంకో గోడకు పెట్టాం, రెండు ఎర్తుల మధ్య తిరిగే కరెంటు 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర పాడుతోంది. ఇలాంటప్పుడు మండపాల్లో ఎర్తు పిన్ను విరిచేసి పెట్టడం మీరు చూసే ఉంటారు. గుంయ్ పోతుంది, ఎప్పుడో మనిషి కూడా పోతాడు. ఆ పని ఎవరూ ఎక్కడా చేయకండి. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చాం, మామూలు వైర్ల బదులు మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వేశాం. గుంయ్ ఆగింది. ఇంకో మాట, ఈ స్పీకర్లు 60 హెర్ట్జ్ కింద సరిగా పలకవు, అందుకే టేపులోనే ఉన్న 50 హెర్ట్జ్ గుంయ్ వీటిలో దాదాపు వినబడదు. దాని కోసం హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇంకోసారి వింటున్నాం. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద మాత్రం పనిచేయడం లేదు. మనది చతురస్రపు అల ఇచ్చే పాత ఇన్వర్టర్, దాని మీద పెడితే ట్రాన్స్‌ఫార్మరే మూలుగుతుంది.

స్పీకరు తీగకు వేలు పెట్టాలని ఒకాయన పట్టుబట్టారు. ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశాం. 3 మీటర్లు వెళ్లి రావడానికి దాని నిరోధం 0.04 ఓములు. 8 ఓముల స్పీకరు ముందు అదెంత! దీని మీద ఇంకేమీ రాయం.

ఇప్పుడు ఆ గదిలో స్విచ్ వేసి, ఏమీ ప్లే చేయకుండా కూర్చుంటే ఆంప్లిఫయర్ వేసి ఉందో లేదో తెలియదు. ఎర్ర దీపం చూసి తెలుసుకోవాలి. మేము కొన్నది అదే.

అయితే ఏం మారిందని అడుగుతారు. ఒక బతుకమ్మ కేసెట్ ఉంది, మొదట హాలు ఆంప్లిఫయర్ మీద విన్నప్పుడు అందరూ 'స' అనే పలుకుతున్నారని కాగితం మీద రాసుకున్నాం. మళ్లీ విన్నాం. ముందు ఎత్తుకునే ఆమె పళ్ల మీద 'చ' పలుకుతోంది. లిప్తపాటు ఆగుతోంది, చిటుకుమంటోంది, జారుతోంది. ఆమె వెంట పాడే గుంపు అదే మాటను 'స' అని తిప్పి పాడుతోంది. పాట పొడుగునా ఆమె 'చ' వదల్లేదు, వాళ్లు 'స' వదల్లేదు. సొద తగ్గించే సాఫ్ట్‌వేర్ మేము ముందు పెట్టుకున్న మట్టంలో నడిపి చూస్తే ఆమె కూడా 'స' అయిపోయింది. అదే సెట్టింగుతో ముందుకు పోయి ఉంటే ఆమె పలుకు అక్కడితో ఆఖరు. ఆ మట్టం మార్చాం. కొంచెం సొద మిగిలింది, ఉండనీ. అసలు ఫైలును మాత్రం ఏమీ తుడవకుండా వేరే హార్డ్ డిస్కులో దాస్తున్నాం, రేపు మాకంటే బాగా వినేవాళ్లు రావచ్చు.

ఆమె ఎవరో మాకు తెలియదు. కేసెట్ డబ్బా మీద బాల్ పెన్నుతో 'దసరా' అని మాత్రమే ఉంది, సంవత్సరం లేదు. గొంతు కాస్త బొంగురు, పాట మధ్యలో ఒకసారి దగ్గింది, ఎవరో పిల్లను "ఇటు రా" అని పిలిచింది. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు, మగ్గాలు మొదలయ్యేలోపు, గదిలో వినిపిస్తాం. ఇంట్లో పెద్దక్కలు, అవ్వలు ఉంటే రిక్షాలో అయినా తీసుకురండి, మెట్ల దగ్గర మేము ఉంటాం. మీటింగులో అడిగిన పెద్దాయన కూడా తప్పకుండా రావాలి.

కేసెట్లు ఇవ్వాలనుకునేవాళ్లకు ఒక మనవి. "ఒకసారి వేసి చూసి ఇద్దాం" అనుకోకండి. పాత టేప్ రికార్డర్‌లో రబ్బరు జిగురైపోయి టేపును నమిలేస్తుంది. ఎండలో, స్కూటర్ డిక్కీలో, స్పీకరు పక్కన పెట్టకండి. టేపు తెగిపోయినా, బూజు పట్టినా పారేయకండి, అలాగే తెండి, అతికిస్తాం.